దుర్భిణి ఉంది, తుపాకీ లేదు

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్: బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేసి ఫలితం తేల్చుకునే సాహసాల ఆట. మా ఆటబృందంలో ఒక కెమిస్ట్రీ లెక్చరర్ ఉన్నాడు. శనివారం రాత్రి భోజనాలయ్యాక పాచికలు బయటికి తీస్తే, అతను మరుగుజ్జు పూజారి వేషం కడతాడు. ఒక రాత్రి మేమంతా గుహ ముందు నిలబడి, లోపల కాపలా ఉన్న రాక్షసుణ్ణి ఎలా పడగొట్టాలా అని గొంతులు చించుకుంటున్నాం. తన వంతు రాగానే అతను తాపీగా అన్నాడు: "నేను లోపలికి రాను. ఊళ్లోకి వెళ్లి సురేకారం, బొగ్గు, గంధకం కొంటాను. డెబ్బై అయిదు, పదిహేను, పది పాళ్లలో కలుపుతాను."

ఆట నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు, మేం పొట్టిగా డీఎం అంటాం. అతను తలెత్తి, "నీ పాత్రకు ఆ పాళ్లు ఎలా తెలుసు?" అన్నాడు.

"పూజారిని కదా. ధూపం వేస్తూ వేస్తూ ఒకరోజు పొరపాటున కలిశాయనుకో."

ఆ రాత్రి ఆట అక్కడే ఆగింది. ఒంటిగంట దాకా వాదన సాగింది. మంత్రాలు, దేవతలు, వేల ఏళ్ల చరిత్ర, మహానగరాలు ఉన్న లోకంలో ఒక్కడికీ మందుగుండు తట్టలేదా? తట్టకపోతే ఎందుకు? తట్టినా ఎవరైనా ఆపుతున్నారా?

ముందు ఈ లోకం అంగట్లో ఏముందో చూద్దాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు 2014లో వచ్చింది. దాని నియమ పుస్తకంలో సరుకుల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో దుర్భిణి వెల 1,000 బంగారు నాణేలు. మన లోకంలో దుర్భిణి గురించి తొలి కబురు పుట్టింది 1608లో, నెదర్లాండ్స్‌లో. అదే పట్టికలో ఉన్న రేపియర్ అనే సన్నని పొడుపుకత్తి పదహారో శతాబ్దపు సరుకు. ఒళ్లంతా కప్పే ఉక్కు రేకుల కవచం పదిహేనో శతాబ్దానిది. ఐరోపాలో ఫిరంగి బొమ్మ 1326 నాటి రాతప్రతిలోనే కనబడుతుంది. ఆ లెక్కన ఈ మూడింటికీ ఫిరంగి అన్నగారు. తమ్ముళ్లందరూ దుకాణంలో కూర్చుంటే అన్నగారికి మాత్రం లోపలికి అనుమతి లేదు. తుపాకుల్ని వేరే పుస్తకంలో, డీఎం ఇష్టమైతే వాడుకోవచ్చని ఒక మూల పెట్టారు. 2024 కూర్పులో గానీ పిస్తోలు 250 నాణేలకు, మస్కెట్ 500 నాణేలకు మామూలు ఆయుధాల పట్టికలోకి ఎక్కలేదు. ఆట పుట్టిన యాభై ఏళ్లకు.

కాబట్టి ఇది మధ్యయుగం కాదు. మధ్యయుగపు బట్టలు కట్టుకున్న కలగూరగంప. దీనికి కారణం కొంత పుట్టుకలోనే ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను అచ్చు వేశారు. అంతకు మూడేళ్ల ముందు గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి సీసపు బొమ్మలతో ఆడే మధ్యయుగపు యుద్ధపు ఆటకు నియమాలు రాశారు. దాని చివర డ్రాగన్లు, మాంత్రికులు ఉన్న ఒక అనుబంధం చేర్చారు. కొత్త ఆట మొలిచింది ఆ అనుబంధం నుంచే. ఈటెలూ విల్లులూ పట్టుకున్న ఆ బొమ్మలే లోకానికి తొలి ప్రజలయ్యాయి.

అయితే పుట్టుక చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఈ లోకాల్లో కాలం మరీ పొడుగు. ఈ ఆట కోసం ఎడ్ గ్రీన్‌వుడ్ కల్పించిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే లోకాన్నే తీసుకోండి. అక్కడ నెథెరిల్ అనే సామ్రాజ్యం ఉండేది. కొండ శిఖరాలను కోసి, తలకిందులు చేసి, వాటి మీద ఎగిరే నగరాలు కట్టిన వాళ్లు. డేల్ లెక్క అనే ఆ లోకపు కాలగణనలో మైనస్ 339లో కార్సస్ అనే మాంత్రికుడు దేవతాశక్తిని లాక్కోబోయి మంత్రాల దేవతనే బలిచేశాడు. నగరాలు చాలావరకు నేల కూలాయి. ఇప్పటి ఆటలు సాగేది అదే లెక్కలో 1490ల చుట్టూ. మధ్యలో పద్దెనిమిది వందల ఏళ్లు. మన లెక్కలో అది శాతవాహనుల రోజుల నుంచి నేటిదాకా. అన్నేళ్లూ ఆ లోకంలో కత్తి కత్తిగానే ఉంది, బండి బండిగానే ఉంది.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది: మంత్రం ఉంటే యంత్రం ఎందుకు? వినడానికి బాగుంటుంది. ఆట నియమాలే చేతిలో పట్టుకుని లెక్క వేస్తే మాత్రం నిలబడదు.

వీధి దీపం సంగతి చూద్దాం. కంటిన్యువల్ ఫ్లేమ్ అని ఒక మంత్రం ఉంది. మన మాటల్లో అఖండదీపం. ఏదైనా వస్తువు మీద వేస్తే కాగడా అంత వెలుగు పుడుతుంది. వేడి ఉండదు, నూనె అక్కర్లేదు, వానకు ఆరదు. ఖర్చు 50 బంగారు నాణేల విలువైన కెంపుల పొడి. ఒక బంగారు నాణెం వంద రాగి నాణేలు. ఒక కాగడా ఒక రాగి నాణెం, గంటసేపు వెలుగుతుంది. అంటే కెంపుల ఖర్చుతో 5,000 కాగడాలు వస్తాయి. రాత్రికి పది గంటల చొప్పున వెలిగిస్తే 500 రాత్రులు. మాంత్రికుడి కూలి కింద ఇంకో 50 బంగారు నాణేలు ధారాళంగా వేసుకున్నా వెయ్యి రాత్రులు, మూడేళ్ల లోపే. ఆ తర్వాత శాశ్వతంగా ఉచితం. ఏ మునిసిపాలిటీ అయినా ఎగిరి గంతేసే బేరం ఇది. మూడో స్థాయి మాంత్రికుడంటే ఇంకా చదువు పూర్తికాని కుర్రవాడి కింద లెక్క. అతను కూడా ఈ మంత్రాన్ని రోజుకు రెండుసార్లు వేయగలడు. ఏడాదికి 730 దీపాలు.

కెంపులు అన్ని ఎక్కడ దొరుకుతాయి అంటారా? ఇక్కడ నియమం రాసినవారు ఊహించని తమాషా ఉంది. నియమం పొడి తూకాన్ని అడగదు, విలువను అడుగుతుంది. కెంపుల గిరాకీ పెరిగి ధర రెట్టింపైతే, సగం పొడే 50 నాణేల విలువ చేస్తుంది, మంత్రం పనిచేస్తుంది. ధర పెరిగినకొద్దీ ముడిసరుకు తక్కువ పట్టే పరిశ్రమను నేను ఇంకెక్కడా చూడలేదు.

పొలం సంగతి ఇంకా గట్టిది. ప్లాంట్ గ్రోత్ అనే మంత్రాన్ని ఎనిమిది గంటలు కూర్చుని వేస్తే, అర మైలు వ్యాసార్ధంలో ఉన్న నేలంతా ఏడాదిపాటు రెట్టింపు పంట ఇస్తుంది. అర మైలు వ్యాసార్ధం అంటే దాదాపు 500 ఎకరాలు. దీనికి పైసా ఖర్చు లేదు. అయిదో స్థాయి డ్రూయిడ్, అంటే ప్రకృతిని కొలిచే మంత్రగాడు, ఏరువాక ముందు వంద రోజులు ఊరూరా తిరిగితే 50,000 ఎకరాల దిగుబడి రెట్టింపు. ఎరువు వద్దు, కాలువ వద్దు. తిండి అంత పెరిగితే దుక్కి దున్నే చేతులు కొన్ని ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన చేతులు పట్నాలకు చేరి నేత, కమ్మరం, అచ్చు పనుల్లో పడతాయి. మన లోకంలో పరిశ్రమలు పెరిగిన దారి కొంతవరకు ఇదే. మంత్రం యంత్రాన్ని ఆపాల్సింది పోయి, నిజానికి తోసుకుంటూ తీసుకురావాలి.

మరి ఎందుకు తీసుకురాలేదు? లోకం లోపలి నుంచి చెప్పదగ్గ జవాబుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది నియమ పుస్తకంలోనే ఒక మూల పడి ఉంది. ఒక మాంత్రికుడు ఇంకొకరి పుస్తకం నుంచి మంత్రాన్ని ఎత్తి రాసుకోవాలంటే, మంత్రపు ఒక్కో స్థాయికి రెండు గంటల సమయం, 50 బంగారు నాణేలు ఖర్చు పెట్టాలి. ఎందుకంటే ప్రతి మాంత్రికుడూ తన మంత్రాలను తనకే తెలిసిన సంకేతాల్లో రాసుకుంటాడు. ముందు ఆ సంకేతాన్ని విప్పుకోవాలి. ఒక్కసారి ఊహించండి. ప్రతి గణిత మేష్టారూ తన అంకెలు తనే కనిపెట్టుకుని, సొంత లిపిలో లెక్కలు చేసి, పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే మన ఎక్కాల పుస్తకం ఏనాటికి తయారయ్యేది?

ఇది ఆటల్లో మాత్రమే జరిగే సంగతి కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవారు. ఆ ఉక్కు కోసం పారసీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులని లోకం చెప్పుకున్న వాటికి ఇలాంటి దక్షిణ భారతపు ఉక్కే ముడిసరుకు. పనితనం కుటుంబాల చేతుల్లో ఉండేది, చేతి నుంచి చేతికి వెళ్లేది. పంతొమ్మిదో శతాబ్దంలో కొలిమిలు చల్లారాక, ఆ నీళ్ల అలల్లాంటి గీతల కత్తిని తిరిగి చేయడానికి ప్రయోగశాలలు నానా తంటాలు పడ్డాయి. ఫాంటసీ కథల్లో "పూర్వీకుల ఉక్కు, ఇప్పుడు చేసేవారు లేరు" అనే మాట వస్తే అది అతిశయోక్తి కాదు, మన పక్క జిల్లా కబురు.

దీనికి తోడు అవసరం అనేది ఒకటుంది. ఆవిరితో తిరిగే బొమ్మను అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే గ్రీకు పండితుడు ఒకటో శతాబ్దంలోనే వర్ణించాడు. పనికొచ్చే ఆవిరియంత్రం మాత్రం 1712లో న్యూకొమెన్ అనే ఆంగ్లేయుడు పెట్టేదాకా లేదు. అది బొగ్గును బకాసురుడిలా మింగేది. అయినా నిలబడిందంటే బొగ్గు గని పక్కనే నిలబడింది కనుక. గనిలో ఊరే నీరు తోడటం అనే తలనొప్పి దానికి అన్నం పెట్టింది. ఇప్పుడు ఆ గని యజమానికి నీటిని పక్కకు తప్పించే మాంత్రికుడు కూలికి దొరికాడనుకోండి. న్యూకొమెన్ తలుపు తడితే మంచినీళ్లిచ్చి పంపేస్తాడు. మంత్రం అందరి అవసరాన్నీ తీర్చనక్కర్లేదు, డబ్బున్నవాడి అవసరం తీరిస్తే చాలు. కొత్త పనికి పెట్టుబడి పెట్టేది వాడే. పేదవాడికి యంత్రం కావాలి కానీ అతని దగ్గర డబ్బు లేదు. డబ్బున్నవాడికి యంత్రం అక్కర్లేదు.

ఈ వాదనకు ఆటల్లోనే ఒక సాక్ష్యం ఉంది. పాత్‌ఫైండర్ ఆట సాగే గొలారియన్ లోకంలో నెక్స్, గెబ్ అనే ఇద్దరు మాంత్రిక రాజులు తరాల తరబడి కొట్టుకున్నారు. వారి మధ్య ఉన్న నేల ఎంత పాడైందంటే, అక్కడ మంత్రం ఒకచోట పనిచేయదు, ఇంకోచోట ఎదురు తిరుగుతుంది. ఆ బీడులో ఉన్న ఆల్కెన్‌స్టార్ నగరంలోనే తుపాకులు తయారవుతాయి. మంత్రం చేతికి రానిచోట చేతులు ఇనుము పట్టుకున్నాయి. ఈ లోకం రాసినవారు చరిత్ర చదివారని అనిపించే చోట్లలో ఇదొకటి.

ఇవన్నీ లోపలి కారణాలు. నన్ను అడిగితే అసలు కారణం బల్ల ఇవతలే ఉంది, ఆడేవాళ్ల వైపున.

తొలి కూర్పుల్లో పాత్ర అనుభవం ఎలా పెరిగేదో తెలుసా? నేలమాళిగ నుంచి బయటికి మోసుకొచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక అనుభవ మార్కు. రాక్షసుణ్ణి చంపితే వచ్చేది చిల్లర, నిధి తెస్తేనే అసలు లాభం. కొలిమి దగ్గర పదేళ్లు కూర్చుని కొత్త నాగలి కనిపెడితే సున్నా. ఆట పేరులోని డంజన్ అంటే నేలమాళిగే మరి. దిగడానికి ఒక కారణం ఉండాలి. లోపల ఉన్న కత్తి ఊళ్లో కమ్మరి చేసే కత్తికన్నా గొప్పదై ఉండాలి. అలా ఉండాలంటే ఒకప్పటివాళ్లు ఇప్పటివాళ్లకన్నా ఘనులై ఉండాలి. అందుకే నెథెరిల్ ఎగరాలి, కూలాలి, మరుపున పడాలి. కొత్తది పాతదాన్ని మించే లోకంలో తాత కాలపు కత్తి కోసం పాముల బావిలోకి ఎవరు దిగుతారు? మనమెవరమైనా తాతగారి రేడియో కోసం ప్రాణం పణంగా పెడతామా?

ఒకసారి ఇలా చూడటం అలవాటైతే ఎటు చూసినా ఇదే కనబడుతుంది. 1980లో వచ్చిన ఒక ప్రసిద్ధ సాహసంలో కొండల మధ్య కూలిన అంతరిక్ష నౌక ఉంటుంది, లోపల కిరణాల తుపాకులుంటాయి. మధ్యయుగ వీరుల చేతికి ఏకంగా భవిష్యత్తే వచ్చింది. అయితే అదీ నేలమాళిగగానే వచ్చింది. తుపాకీకి శక్తి బిళ్లలు వేయాలి, అవి అయిపోతే అది ఇనుప ముక్క. బిళ్లలు చేసే కర్మాగారం ఎక్కడా లేదు. కనక ఆ తుపాకీ లోకాన్ని మార్చదు, వీరుడి నడుముకు అలంకారమై మిగిలిపోతుంది. రెల్మ్స్‌లో మందుగుండుది ఇంకో కథ. అక్కడ మామూలు మందుగుండు అసలు పేలదు. గోండ్ అనే దేవుడు, మన గోండులకూ ఇతనికీ ఏ చుట్టరికమూ లేదు, లాంటన్ ద్వీపవాసులకు పొగమందు అనే మంత్రపు పొడిని అనుగ్రహించాడు. మంత్రాలను రద్దు చేసే మంత్రం పడితే ఆ పొడి శాశ్వతంగా చచ్చిపోతుంది. తాళం దేవుడి చేతిలో, తాళంచెవి మాంత్రికుడి చేతిలో.

కొన్ని లోకాలు తాళం ఎవరి చేతిలో ఉందో దాచకుండా చెబుతాయి. గర్ప్స్ ఆటలోని యర్త్ లోకానికి మన భూమి నుంచే మనుషులు తుపానుల్లో కొట్టుకొస్తుంటారు. అక్కడి మెగలోస్ సామ్రాజ్యం ఒక రహస్య మంత్రిత్వ శాఖనే పెట్టింది. భూమి నుంచి వచ్చినవారిని వెతికి పట్టుకుని, మందుగుండు లాంటి కబుర్లు బయటికి పొక్కకుండా చూడటమే దాని పని. 2001లో వచ్చిన ఆర్కేనమ్ అనే కంప్యూటర్ ఆట ఇంకో దారి తొక్కింది. యంత్రం ప్రకృతి నియమాలను నమ్ముకుంటుంది, మంత్రం వాటిని వంచుతుంది, కనక ఒకటి ఉన్నచోట రెండోది చెడుతుంది. చక్కని ఊహే. కాకపోతే అందులో జరిగేది అత్తాకోడళ్ల పోరు, ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకోవడం అంతగా ఉండదు.

ఇక ఎదురు దారిలో నడిచిన లోకం ఎబెరాన్. దాని దగ్గర కాస్త ఆగాలి. 2002లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను అచ్చు వేసే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ కొత్త లోకం కోసం పోటీ పెడితే 11,000కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో నెగ్గింది కీత్ బేకర్ ఊహ, 2004లో అచ్చయింది. అతను వేసుకున్న ప్రశ్న మా లెక్చరర్ ప్రశ్న లాంటిదే: మంత్రం నిజంగా నమ్మదగ్గ పనిముట్టు అయితే జనం దానితో ఏం చేస్తారు? జవాబుగా ఎబెరాన్ వీధుల్లో నిజంగానే అఖండదీపాలు వెలుగుతాయి. ఒకటి రెండు చిన్న మంత్రాలు నేర్చుకుని వాటితోనే బతికే వృత్తిపనివారు ఉంటారు. రాళ్ల వరస మీద తేలుతూ మెరుపు రైలు నడుస్తుంది, ఓడలు గాలిలో ఎగురుతాయి. యుద్ధం కోసం తయారుచేసిన మరమనుషులు యుద్ధం ముగిశాక ఉద్యోగం వెతుక్కుంటారు. మంత్రం పెట్టె తాళం తీసి, వీధిలోకి వచ్చి, దుకాణం పెట్టుకుంది.

అయితే దుకాణం ఎవరిదో చూడండి. ఆ లోకంలో పన్నెండు రకాల డ్రాగన్‌మార్క్‌లు, అంటే ఒంటి మీద వెలిసే మంత్రపు మచ్చలు ఉన్నాయి. వాటిని పట్టుకుని పదమూడు వంశాలున్నాయి. రైలు ఒరియన్ వంశానిది, గాలి ఓడ లిరాండర్ వంశానిది, వైద్యం జొరాస్కో వంశానిది, తయారీ కానిత్ వంశానిది. మచ్చ రక్తంలో వస్తుంది. ఆ మచ్చ ఉన్నవాడు కూర్చుంటేనే ఓడ మాట వింటుంది. రెండు వంశాల రక్తం కలిస్తే వికృతమైన మచ్చలు పుడతాయన్న భయంతో వంశాల మధ్య పెళ్లిళ్లు నిషేధించారు. ఈ వ్యవస్థను విదేశీ విశ్లేషకులు బహుళజాతి కంపెనీలతో పోలుస్తుంటారు. వృత్తి, రక్తం, పెళ్లి ఒకే ముడిలో కనబడితే తెలుగువాడికి కంపెనీకన్నా ముందు ఏది గుర్తొస్తుందో విడమరచి చెప్పనక్కర్లేదు. సంకేతలిపిలో మంత్రాన్ని దాచుకున్న ఒంటరి మాంత్రికుడి చోట ఇప్పుడు వంశం కూర్చుంది. సరుకు అందరికీ అందుతుంది, పనితనం మాత్రం గడప దాటదు.

ఇంకో సంగతి. ఇంత ప్రగతి ఉన్న లోకంలో సాహసానికి నేలమాళిగ ఎక్కడ దొరుకుతుంది? పాత రాక్షస సామ్రాజ్యాల శిథిలాలు ఉన్నాయి, నిజమే. అయినా బేకర్ వాటితో సరిపెట్టుకోలేదు. వందేళ్లకు పైగా సాగిన యుద్ధం చివర, ఆ లోకపు లెక్కలో 994లో, సైర్ అనే దేశాన్ని దేశాన్నే ఒక్కరోజులో తుడిచిపెట్టాడు. చుట్టూ బూడిదరంగు పొగమంచు గోడ, లోపల కుళ్లని శవాలు, తిరిగే మంత్రాలు, కానిత్ వంశపు కర్మాగారాలు. ఎందుకిలా జరిగిందో ఆ లోకంలో ఎవరికీ తెలియదు. 996లో సంధి కుదిరింది. ఆట మొదలయ్యేది 998లో. అంటే ఈ నేలమాళిగ వయసు నాలుగేళ్లు. రైళ్లు నడిపిన లోకకర్తకు కూడా, బజారులో దొరకనిది దొరికే చోటు ఒకటి కావలసి వచ్చింది. పాతకాలం అందుకు పనికిరాకపోతే కొత్తగా ఒక వినాశనాన్ని తయారుచేసుకున్నాడు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. ఆటల పుస్తకాలు ప్రగతిని నిచ్చెనలా గీస్తాయి. గర్ప్స్ అయితే రాతియుగం సున్నా, కంచు ఒకటి, ఇనుము రెండు, మధ్యయుగం మూడు అంటూ మెట్లకు అంకెలే వేసింది. ఆటకు అది సులువు. చరిత్ర ఆ మెట్లెక్కి నడవలేదు. ఇంకాలు బండిచక్రం, ఇనుము, అక్షరాలు లేకుండానే ఆండీస్ కొండల్లో వేల కిలోమీటర్ల దారులు వేశారు, ముడులు వేసిన తాళ్లతో సామ్రాజ్యపు లెక్కలు రాశారు. వాళ్లను ఏ మెట్టు మీద నిలబెడతారు? లోకం కల్పించేవారు "ఏ శతాబ్దం?" అని కాకుండా "ఈ పని తెలిసినవాడు చచ్చిపోతే రేపు ఎవరు చేస్తారు?" అని అడిగితే ఎక్కువ సరుకు దొరుకుతుంది. దీపం విషయంలో, పొలం విషయంలో, తుపాకీ విషయంలో వేరువేరు జవాబులు వస్తాయి. లోకానికి గతుకులు వస్తాయి, గతుకుల్లోనే కథలుంటాయి.

మా డీఎం ఆ రాత్రి మందుగుండు పేలదని చెప్పలేదు. "సరే, చెయ్యి" అన్నాడు. గంధకం వైద్యుడి దగ్గర దొరికింది. బొగ్గుకు కొదవ లేదు. చిక్కంతా సురేకారంతో వచ్చింది. అది అంగడిలో లేదు. పశువుల కొట్టాల కింద ఏళ్ల తరబడి మూత్రం ఇంకిన మట్టిని తవ్వి, నీళ్లలో నానబెట్టి, బూడిద కలిపి, వడగట్టి, కాచాలని లెక్చరరే వివరించాడు, కాస్త గర్వంగా కూడా. "అయితే కొట్టాలు ఎవరివి?" అని అడిగాడు డీఎం. మూడు ఊళ్ల రైతులతో బేరాలు మొదలయ్యాయి. నేల తవ్వితే గొడ్లకు అరిష్టమని ఒక ముసలమ్మ అడ్డుపడింది. కట్టెల కోసం అడవి అధికారితో తగాదా వచ్చింది. మట్టి మోయడానికి కూలీలను పెట్టాం, రోజుకు రెండు వెండి నాణేలు. వాళ్లు మూడు అడుగుతున్నారు.

నాలుగు శనివారాలు గడిచాయి. రాక్షసుడు ఇంకా గుహలోనే ఉన్నాడు. కూలి లెక్కల పుస్తకం నేను రాస్తున్నాను.